ఆటోమేటిక్ కారు గేర్ బాక్స్ ఆయిల్ ఇంటి దగ్గరే మార్చుకోవడం: కొండ దారుల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది ఒడిశాలోని కొరాపుట్ జిల్లా సిమిలిగూడ. తాతల నాడే విజయనగరం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. జయపురం, రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, ఎక్కడ చూసినా మనవాళ్లే. ఇప్పుడు వాళ్లలో చాలామంది దగ్గర ఆటోమేటిక్ కార్లున్నాయి. నా కారు ఆయిల్ నేనే మార్చుకుంటానని తెలిసిన దగ్గర్నుంచి ఫోన్లు వస్తున్నాయి. అడిగిన ప్రశ్నలే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను.

అసలు ఈ ఆయిల్ మార్చాలా? షోరూమ్‌లో "లైఫ్‌టైమ్ ఆయిల్, ముట్టుకోనక్కర్లేదు" అన్నారే?

మార్చాలి. మన దారుల్లో తిరిగే బండికైతే తప్పకుండా మార్చాలి.

మామూలు గేరు కారులో ఆయిల్ గేర్ల పళ్లు అరగకుండా చూస్తే చాలు. ఆటోమేటిక్‌లో దానికి మూడు పనులున్నాయి. ఇంజిన్‌కీ గేర్ బాక్స్‌కీ మధ్య టార్క్ కన్వర్టర్ అని ఒక గుండ్రటి డబ్బా ఉంటుంది. దాని లోపల సుడి తిరిగే ఆయిలే ఇంజిన్ బలాన్ని చక్రాల వైపు పంపుతుంది. ఆ ఆయిలే ఒత్తిడితో లోపలి క్లచ్‌లను బిగించి గేర్లు మారుస్తుంది. వేడిని బయటకు మోసుకెళ్లేదీ అదే. అది పాడైతే ఈ మూడూ ఒకేసారి కుంటుపడతాయి.

ఆయిల్‌ను చంపేది వేడి. వేడి 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఆయిల్ పాడయ్యే వేగం సుమారు రెట్టింపవుతుందని ఇంజినీర్లు లెక్క వేసుకుంటారు. ఇప్పుడు మన దారి తలుచుకోండి. సాలూరు దాటగానే కొండ మొదలు. సుంకి, పొట్టంగి మీదుగా ఎక్కి ఎక్కి కొరాపుట్ చేరేసరికి సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంటాం. ముందర లోడు లారీ గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంతో పాకుతుంటుంది. దాని వెనక మన కారు నలుగురు మనుషులతో, డిక్కీ నిండా సామాన్లతో, ఏసీ వేసుకుని పాకుతుంది. అంత తక్కువ వేగంలో టార్క్ కన్వర్టర్ లాక్ అవ్వదు, అంటే దాని రెండు వైపులూ నేరుగా అతుక్కుని తిరగవు. ఇంజిన్ బలంలో కొంత ఆయిల్‌ను చిలకడానికే పోయి వేడిగా మారుతుంది. మైదానంలో హైవే మీద వెయ్యి కిలోమీటర్లు తిరిగిన ఆయిల్‌కీ ఘాట్ మీద వెయ్యి తిరిగిన ఆయిల్‌కీ పోలికే లేదు.

"లైఫ్‌టైమ్" అన్నప్పుడు ఎవరి లైఫ్ అని అడగండి. చాలా కార్ల మాన్యువల్‌లో వెనక పేజీల్లో కఠిన పరిస్థితుల్లో నడిపే బండ్లకు వేరే పట్టిక ఉంటుంది. కొండ దారులు, దుమ్ము, ఎక్కువ బరువు, ఆగి ఆగి నడపడం అందులోకే వస్తాయి. మన బండ్లన్నీ ఆ పట్టికలోవే. ముందు అది చదవండి.

నా కారులో ఉన్నది ఏ రకం ఆటోమేటిక్?

ఇది తేల్చుకోకుండా సీసా మూత తియ్యొద్దు. క్లచ్ పెడల్ లేని బండినల్లా ఆటోమేటిక్ అనేస్తాం కానీ లోపల నాలుగు రకాలున్నాయి.

టార్క్ కన్వర్టర్ రకం అసలైన పాత ఆటోమేటిక్. ఇన్నోవా క్రిస్టా ఆటోమేటిక్, 2008 నుంచి 2013 దాకా వచ్చిన హోండా సిటీ ఆటోమేటిక్, క్రెటాలో 6 స్పీడ్ ఆటోమేటిక్ ఇలాంటివే. ఈ పేజీలో చెప్పే పద్ధతి ముఖ్యంగా వీటి కోసం.

సీవీటీ రెండోది. ఇందులో గేర్లుండవు, రెండు కప్పీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది. 2014 తర్వాతి హోండా సిటీ ఆటోమేటిక్ ఈ రకమే. దీని ఆయిల్ పూర్తిగా వేరు. మామూలు ఏటీఎఫ్ (టార్క్ కన్వర్టర్ బండ్లకు పోసే ఆటోమేటిక్ ఆయిల్) పోస్తే బెల్టు జారి కప్పీలు గీతలు పడతాయి, గేర్ బాక్స్ బాగుచేయలేనంతగా పోతుంది.

మూడోది ఏఎంటీ. మారుతీ వాళ్లు ఏజీఎస్ అంటారు. ఇది మామూలు గేర్ బాక్సే. క్లచ్ తొక్కే పనీ గేరు మార్చే పనీ మన బదులు ఒక యంత్రం చేస్తుంది. అందుకే దీనికి మాన్యువల్ గేర్ ఆయిలే పోస్తారు, ఏటీఎఫ్ కాదు. సెలేరియో, వ్యాగన్ఆర్ ఏజీఎస్ ఉన్నవాళ్లు ఇక్కడితో ఆపి మీ మాన్యువల్ చూసుకోండి.

నాలుగోది డ్యూయల్ క్లచ్. దాన్ని ఇంట్లో ముట్టుకోవద్దు. చాలావాటిలో లెవెల్ చూడాలంటే కంప్యూటర్ పెట్టి ఆయిల్ వేడి చదవాలి. కొన్నిట్లో గేర్లకొక ఆయిల్, కంట్రోల్ యూనిట్‌కొక ఆయిల్ వేర్వేరుగా ఉంటాయి.

ఎర్రగా ఉన్న ఆయిల్ అంతా ఒకటే కదా, ఏది దొరికితే అది పోసేయొచ్చా?

కాదు. నాకు ఎక్కువ భయం వేసే ప్రశ్న ఇదే. ఎరుపు అనేది లీకైతే గుర్తుపట్టడానికి కలిపే రంగు మాత్రమే. ఆయిల్ గుణాన్ని అది చెప్పదు. లోపలి క్లచ్ ప్లేట్లు ఎంత జారాలో, ఎంత పట్టాలో ఆయిల్‌లో కలిపే మందులు నిర్ణయిస్తాయి. కంపెనీని బట్టి అవి మారిపోతాయి.

టయోటాల్లో చాలావాటికి డబ్ల్యూఎస్ అనే రకం. హ్యుందాయ్, కియా 6 స్పీడ్ ఆటోమేటిక్‌లకు ఎస్పీ-4, పాత 4 స్పీడ్ వాటికి ఎస్పీ-3. హోండా పాత ఆటోమేటిక్‌లకు ముందు జెడ్-1 ఉండేది, తర్వాత దాని స్థానంలో డీడబ్ల్యూ-1 వచ్చింది. జెడ్-1 అని రాసి ఉన్న బండికి డీడబ్ల్యూ-1 పొయ్యొచ్చని హోండాయే చెప్పింది. హోండా సీవీటీకి హెచ్‌సీఎఫ్-2. ఇవి ఉదాహరణలు మాత్రమే, మీ బండికి ఏదో మీ మాన్యువల్‌లోనో డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల) మీదో రాసి ఉంటుంది. ఆ అక్షరాలు ఫొటో తీసుకుని షాపుకి వెళ్లండి.

మన ఊళ్లలో ఇంకో చిక్కుంది. ఒడియా షాపులో "గేర్ తెలొ" అని అడిగితే అలవాటుగా 90 నంబరు గేర్ ఆయిల్ తీసి ఇస్తారు. ట్రాక్టరు వాళ్లూ ఆటో వాళ్లూ రోజూ కొనేది అదే మరి. షాపువాడి తప్పేం లేదు. అది జిగురుగా, ముదురు తేనె రంగులో, గంధకం వాసన కొడుతుంది. ఆటోమేటిక్‌లో పోస్తే బండి కదలదు. ఫొటో చూపించి, సీసా మీద అక్షరాలు కలిపి చూసుకుని, సీల్ ఊడలేదని చూసి, బిల్లు అడిగి తీసుకోండి. ఇక్కడ దొరక్కపోతే విశాఖలోనో విజయనగరంలోనో కంపెనీ స్పేర్ పార్టుల కౌంటర్‌లో కొనమని చుట్టాలకు చెప్పండి. వారం ఆలస్యమైతే ఏమీ కాదు.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి? పాడైందని ఎలా తెలుస్తుంది?

మీ మాన్యువల్‌లో కఠిన పట్టిక ఏం చెబితే అది. నేను మాత్రం 40,000కి ఒకసారి మారుస్తాను.

డిప్‌స్టిక్ ఉన్న బండైతే తెల్ల గుడ్డ మీద ఒక చుక్క వేసి చూడండి. మంచి ఆయిల్ దానిమ్మ రసంలా ఉండి గుడ్డ మీద సమంగా పాకుతుంది. వాడిన ఆయిల్ ఇటుక రంగుకి వస్తుంది, అది మామూలే. కాఫీ డికాక్షన్‌లా నల్లబడి, చుక్క మధ్యలో నల్లటి మచ్చ నిలిచిపోతే ఆలస్యం చేశామని అర్థం. దానికి తోడు పెనం మీద అట్టు మాడిన వాసన వస్తే లోపల క్లచ్ ప్లేట్లు కాలుతున్నాయి. ముందు మంచి మెకానిక్‌కి చూపించి తర్వాతే ఆయిల్ సంగతి ఆలోచించండి.

ఏం సామాన్లు కావాలి?

సరైన ఆయిల్, మీరు అనుకున్నదానికంటే ఒక లీటరు ఎక్కువ. డ్రెయిన్ బోల్టుకి కొత్త వాషర్, అది అల్యూమినియందో రాగిదో అయి ఉంటుంది, ఒకసారి నలిగితే మళ్లీ సరిగ్గా పట్టదు. సరైన పానాలు. పాత హోండాల్లో డ్రెయిన్ బోల్టుకి తలకాయ బదులు నలుపలకల గుంట ఉంటుంది, 3/8 అంగుళాల రాచెట్ నేరుగా అందులో దిగుతుంది. సన్నటి పొడవాటి పైపున్న గరాటు. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు. పీచు రాలని గుడ్డ, రబ్బరు గ్లవ్స్.

అన్నిటికంటే ముఖ్యం నాలుగైదు ఖాళీ లీటరు నీళ్ల సీసాలు, లోపల చుక్క నీరు లేకుండా ఆరబెట్టినవి. ఎందుకో కింద చెబుతాను.

కారు కిందకి దూరడం ప్రమాదం కాదా? మా వీధంతా ఏటవాలే.

ప్రమాదమే. బండితో పాటు వచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికి. దాన్ని నమ్ముకుని ఒక్క చెయ్యి కూడా కిందకి పెట్టొద్దు. జాకీ స్టాండ్లు రెండు కొనండి, లేదా తెలిసిన షెడ్డులో అడిగి తెచ్చుకోండి. ఇటుకలు, రాళ్లు, సిమెంటు దిమ్మలు పెట్టేవాళ్లను చూశాను. అవి చెప్పకుండా పగులుతాయి. వెనక చక్రాలకు అడ్డు పెట్టండి, హ్యాండ్ బ్రేక్ వెయ్యండి, బండి స్టాండ్ మీద కూర్చున్నాక భుజంతో గట్టిగా తోసి చూడండి. ఇంట్లో ఇంకొకరికి చెప్పి మొదలుపెట్టండి.

చదును చోటు విషయానికొస్తే, మా ఇంటి ముందు కూడా వాలే. నేను ఆదివారం పొద్దున్నే కల్యాణ మండపం వెనక సిమెంటు చప్టా మీదికి తీసుకెళతాను. వాచ్‌మన్ మామయ్య గేటు తీసి పెడతాడు. నేల చదునో కాదో చూడటానికి కాస్త నీళ్లు పోస్తాను, అవి ఎటూ పారకుండా నిలిస్తే చాలు. లెవెల్ చూసేటప్పుడు చదును చాలా అవసరం, లేకపోతే స్టిక్ అబద్ధం చెబుతుంది.

సరే, వరుసగా ఏం చెయ్యాలి?

ఇక్కడ చెప్పేది డిప్‌స్టిక్ ఉన్న టార్క్ కన్వర్టర్ బండికి.

ముందు నాలుగైదు కిలోమీటర్లు నడపండి. గోరువెచ్చగా ఉంటే ఆయిల్ బాగా జారుతుంది, అడుగున పేరుకున్నదీ వస్తుంది. అలాగని ఘాట్ ఎక్కి వచ్చిన వెంటనే విప్పొద్దు, అప్పుడది చర్మం ఊడేంత వేడిగా ఉంటుంది. డిసెంబరు, జనవరిలో మా దగ్గర పొద్దున చలికి ఆయిల్ చిక్కబడి ఉంటుంది, అప్పుడు ఇంకొంచెం ఎక్కువ నడపాలి.

చప్టా మీద ఆపి, ఇంజిన్ కట్టేసి, ముందు నింపే చోటు తెరవండి. డిప్‌స్టిక్ గొట్టమో, ఫిల్లర్ బోల్టో. ఇది మొదట చెయ్యాలి. కింద అంతా ఖాళీ చేశాక పైన బోల్టు తుప్పు పట్టి ఊడిరాకపోతే బండి అక్కడే పడుంటుంది. పక్కింటి తమ్ముడు ఒకసారి అలాగే ఇరుక్కుపోతే సాయంత్రం దాకా కూర్చున్నాం.

తర్వాత కింద డ్రెయిన్ బోల్టు. ఇంజిన్ ఆయిల్ బోల్టుని దీనిగా పొరబడేవాళ్లున్నారు. మాన్యువల్ బొమ్మ చూసి, వచ్చిన మొదటి చుక్క రంగు చూసి నిర్ధారించుకోండి. బోల్టు వదులయ్యాక చేత్తో లోపలికి నొక్కుతూ తిప్పి, ఒక్కసారిగా పక్కకు లాగండి. ధార మొదట దూరంగా పడి, తగ్గే కొద్దీ దగ్గరికి వస్తుంది. టబ్బుని దాంతో పాటు జరపాలి. పది, పదిహేను నిమిషాలు చుక్కలు ఆగేదాకా వదిలెయ్యండి.

ఇప్పుడు ఆ నీళ్ల సీసాలు. టబ్బులోని పాత ఆయిల్‌ను గరాటుతో సీసాల్లోకి వంచి ఎంత వచ్చిందో కొలవండి. నా హోండా సిటీలో 2 లీటర్ల 400 మిల్లీ వచ్చింది. ఆ అంకె కాగితం మీద రాసుకోండి. ముందు లెవెల్ సరిగ్గా ఉండి ఉంటే, ఎంత బయటికొచ్చిందో అంతే లోపలికి వెళ్లాలి. ఈ ఒక్క కొలత ఉంటే సగం టెన్షన్ పోతుంది.

బోల్టు తుడిచి, కొత్త వాషర్ వేసి బిగించండి. గేర్ బాక్స్ ఒళ్లు అల్యూమినియంది, బలం చూపిస్తే మరలు ఊడిపోతాయి. పాత హోండాలకు బిగింపు 49 న్యూటన్ మీటర్లు అని చెబుతారు, మీ బండికి మాన్యువల్ ప్రకారం. టార్క్ రెంచి (ఎంత బిగించామో కొలిచే పానా) లేకపోతే వాషర్ నలిగినట్టు చేతికి తెలిసేదాకా బిగించి ఆపండి.

తర్వాత కొలిచినంత కొత్త ఆయిల్ మెల్లగా పొయ్యండి. ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకుని, పీ నుంచి ఆర్, ఎన్, డీ, కింది గేర్ల దాకా ఒక్కోదాంట్లో ఐదేసి క్షణాలు ఉంచుతూ వెళ్లి తిరిగి పీలోకి రండి. కింద కారుతోందేమో చూడండి. ఆ తర్వాత బండిని స్టాండ్ల మీంచి చదునుగా నేలకు దించి లెవెల్.

లెవెల్ ఎప్పుడు చూడాలి? ఇంజిన్ నడుస్తుండగానా, ఆపేశాకా?

బండిని బట్టి. చాలా కంపెనీల బండ్లలో ఆయిల్ వేడెక్కాక, ఇంజిన్ నడుస్తుండగా, పీలో పెట్టి చూడాలి. హోండా పాత ఆటోమేటిక్‌లలో తిరగేసి ఉంటుంది. రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఉంచి, ఇంజిన్ కట్టేసి, 60 నుంచి 90 సెకన్ల లోపు చూడాలి. ఆలస్యమైతే పైన ఉన్న ఆయిల్ కిందికి దిగి ఎక్కువ చూపిస్తుంది. స్టిక్ మీద హాట్, కోల్డ్ అని రెండు జతల గీతలుంటే వేడి మీద హాట్ గీతలే చూడండి. మొదటిసారి తీసిన స్టిక్‌ని నమ్మొద్దు. తుడిచి, పూర్తిగా దించి, మళ్లీ తీసి చూడండి. స్టిక్‌కి రెండు వైపులా చూసి, తక్కువ చూపించే వైపు లెక్క.

నాకు ఈ పాఠం ఘాట్ మీద వచ్చింది. మొదటిసారి ఆయిల్ ఒక షెడ్డులో మార్పించాను. పాతది ఎంత వచ్చిందో ఎవరూ కొలవలేదు, అందాజాగా పోసి మూత పెట్టేశారు. నేనూ అడగలేదు. సిమిలిగూడలో చుట్టుపక్కల తిరిగినన్నాళ్లూ బాగానే ఉంది. మూడో రోజు మరదలి పెళ్లికి విజయనగరం వెళ్లి, రాత్రి తిరిగి వస్తున్నాం. వెనక సీట్లో మా అత్తయ్య, పిల్లలిద్దరూ నిద్రలో. సుంకి దాటి ఎడమ వైపు గట్టి మలుపు తిరిగేసరికి ఇంజిన్ ఒక్కసారిగా అరిచింది, బండి మాత్రం ముందుకు రాలేదు. వెనక లారీ హెడ్‌లైట్లు అద్దంలో పెద్దవవుతున్నాయి. రెండు క్షణాలాగి గేరు ధడేల్మని పట్టుకుంది. పక్కకు తీసి, చల్లారాక సెల్‌ఫోన్ వెలుతురులో స్టిక్ తీస్తే కొనకు కూడా తడి లేదు. వాలులో, మలుపులో కిందున్న కాస్త ఆయిల్ ఒక పక్కకు జరిగిపోయి పంపు గాలి పీల్చింది. గాలి పీల్చిన పంపుకి ఒత్తిడి రాదు, ఒత్తిడి లేక క్లచ్ జారింది. తెల్లారాక నింపితే లీటరుకి కాస్త తక్కువ పట్టింది.

ఆ రాత్రి నుంచే నీళ్ల సీసాల్లో కొలవడం మొదలుపెట్టాను. ఇంటివాళ్లను ఎక్కించుకుని ఘాట్ ఎక్కే ప్రతివాళ్లూ ఇది చెయ్యాలని నా కోరిక. షెడ్డులో మార్పించినా సరే, ఎంత వచ్చింది, ఎంత పోశారు అని నిలబడి అడగండి.

ఎక్కువ పొయ్యడం కూడా మంచిది కాదు. తిరిగే భాగాలు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాయి, నురగలో మళ్లీ గాలే ఉంటుంది.

మా బండికి డిప్‌స్టిక్కే లేదు.

కొత్త బండ్లలో చాలావాటికి ఉండదు. అడుగున లెవెల్ చూసే బోల్టు ఉంటుంది. బండి చదునుగా నిలిపి, ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ కంపెనీ చెప్పిన వేడికి వచ్చినప్పుడు ఆ బోల్టు తీస్తారు. ఎక్కువున్నది ధారగా పోయి, చుక్కలుగా మారగానే బిగిస్తారు. టయోటాల్లో ఆ వేడి 40 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. అంటే ఆయిల్ బాగా వేడెక్కకముందే చూడాలి. పూర్తిగా కాగాక చూస్తే అది వ్యాకోచించి ఉంటుంది, బోల్టు తీయగానే అవసరమైనది కూడా బయటికి పోతుంది. ఇంజిన్ నడుస్తున్న బండి కిందకి మనిషి వెళ్లాల్సిన పని ఇది. లిఫ్ట్ ఉన్న చోట చేయించండి, పక్కనే నిలబడి వేడి ఎంతో అడగండి.

ఒకసారి మారిస్తే సగమే మారుతుందట, నిజమేనా?

నిజమే. మిగతాది టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ గొట్టాల్లో ఉండిపోతుంది. గేర్ బాక్స్ మొత్తం 6 లీటర్లు అనుకుందాం. బోల్టు తీస్తే 2 లీటర్ల 400 మిల్లీ వచ్చిందంటే 40 శాతం కొత్తదైంది, 60 శాతం పాతది మిగిలింది. కొన్నాళ్లు నడిపి మళ్లీ అలాగే చేస్తే పాతది 36 శాతం. మూడోసారికి సుమారు 22 శాతం. నేను ఆదివారం ఆదివారం చొప్పున మూడుసార్లు చేశాను. మూడో వారం స్టిక్ మీద రంగు చూసి మా ఆవిడ "ఇప్పుడు దానిమ్మ రసంలా ఉంది" అంది. క్రమం తప్పకుండా మార్చే బండికి తర్వాత్తర్వాత ఒక్కసారి చాలు.

డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి నల్లటి ముద్ద అంటుకుంది. పోయినట్టేనా?

వేళ్ల మధ్య రుద్ది చూడండి. కాటుకలా మెత్తగా, బూడిద నలుపులో ఉంటే అది మామూలు అరుగుదల, అయస్కాంతం దాన్ని పట్టుకోవడానికే ఉంది. తుడిచి బిగించండి. గరగరలాడుతూ రజను తగిలినా, సూదుల్లాంటి ముక్కలు మెరిసినా లోపల ఏదో విరుగుతోంది. వాటిని ఫొటో తీసి, కాగితంలో పొట్లం కట్టి మెకానిక్‌కి చూపించండి.

ఫిల్టర్ కూడా మార్చాలా?

కొన్ని బండ్లలో ఫిల్టర్ అడుగున పాన్ (ఆయిల్ నిలిచే పళ్లెం) లోపల ఉంటుంది, పాన్ విప్పాలి. కొత్త ప్యాకింగ్ ముందే తెచ్చుకోండి. పాన్ బోల్టులు చిన్నవి, కొద్దిగా ఎక్కువ తిప్పితే తెగుతాయి. ఎదురెదురుగా ఉన్నవి కొంచెం కొంచెంగా బిగిస్తూ రావాలి. పాత హోండాల్లో గేర్ బాక్స్ విప్పకుండా లోపలి ఫిల్టర్ అందదు, కాబట్టి ఆ మాటే లేదు.

లక్ష దాటిన బండికి ఎప్పుడూ మార్చలేదు. ఇప్పుడు మారిస్తే గేర్ బాక్స్ పోతుందని అంటున్నారు.

ఈ మాటలో కొంత నిజం ఉంది. క్లచ్ ప్లేట్లు అప్పటికే అరిగిపోయి, గేర్లు జారుతున్న బండికి ఆయిల్ మార్చినా బాగుపడదు. మార్చిన వారానికే ఆగిపోతే నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది. మెషీన్‌తో ఒత్తిడి పెట్టి ఫ్లష్ చేస్తే అడుగున పడున్న మడ్డి కదిలి సన్నటి దారుల్లో ఇరుక్కునే అవకాశం ఉంటుంది. పాత బండికి ఆ ఫ్లష్ వద్దంటాను.

గేర్లు చక్కగా పడుతూ, మాడు వాసన లేకపోతే బోల్టు తీసి వచ్చినంతే మార్చండి. నెల ఆగి మళ్లీ చెయ్యండి. జారుతున్న బండైతే ముందు మెకానిక్.

వాగు దాటాక ఆయిల్ రంగు మారింది.

స్టిక్ మీద రోజ్ మిల్క్‌లా పాలగులాబీ రంగు కనిపిస్తే నీళ్లు కలిశాయి. గేర్ బాక్స్‌కి గాలి పోయే చిన్న గొట్టం ఉంటుంది, బండి మునిగితే నీరు అందులోంచి వెళుతుంది. వాగు దాటకుండానే ఈ రంగు వస్తే రేడియేటర్ లోపల ఆయిల్ కూలర్ పగిలి కూలెంట్ కలుస్తోందని అర్థం. రెండిట్లో ఏదైనా ఇక స్టార్ట్ చెయ్యొద్దు. క్లచ్ ప్లేట్ల మీది పూత నీటికి ఊడిపోతుంది.

ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలేస్తే ఆయిల్‌కి రెస్ట్ కదా, పెట్రోలు కూడా మిగులుతుంది?

దయచేసి ఆ పని చెయ్యొద్దు. న్యూట్రల్‌లో బండిని పట్టి ఉంచేది బ్రేకులొక్కటే. పొట్టంగి నుంచి సాలూరు దాకా వాటిని తొక్కుతూ పోతే కాగిపోయి పట్టు వదిలేస్తాయి. ఇప్పటి ఇంజిన్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే పెట్రోలు దాదాపు ఆపేస్తాయి, న్యూట్రల్‌లోనే ఆగిపోకుండా తిరగడానికి తాగుతాయి. ఎల్, 2, డీ3, ఎస్, మీ బండిలో ఏ పేరుతో ఉంటే ఆ కింది గేరులో పెట్టి దిగండి.

బండి ఆగిపోతే తాడు కట్టి లాక్కెళ్లొచ్చా?

ముందు చక్రాలు తిప్పే బండినైతే, ముందు చక్రాలు నేల మీద తిరుగుతుండగా లాగొద్దు. గేర్ బాక్స్ లోపలి ఆయిల్ పంపుని తిప్పేది ఇంజిన్. ఇంజిన్ ఆగితే గేర్లు పొడిగా తిరుగుతాయి. బండి మొత్తం ఎక్కే ఫ్లాట్‌బెడ్ పిలిపించండి. మన వైపు రావడానికి గంటలు పడుతుంది, అయినా ఆగండి.

వారంటీ ఉంది. ఇంట్లో మార్చొచ్చా?

వారంటీ ఉన్నన్నాళ్లు కంపెనీ సర్వీస్‌లోనే చేయించి బిల్లు దాచుకోండి.

పాత ఆయిల్ ఏం చెయ్యాలి? పెరట్లో చెదపురుగులకు పొయ్యొచ్చా?

వద్దు. పెరట్లో వద్దు, కాలువలో అసలు వద్దు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడిన ఆయిల్ కూడా ఉంది. రాయగడలో కాలువలో పోసింది నాగావళిలోకి దిగి శ్రీకాకుళం దాకా వెళుతుంది. గుణుపురంలో పోస్తే వంశధార. కింద ఆ నీళ్లు తాగేది మన చుట్టాలే. కొలిచిన ఆ నీళ్ల సీసాల్లోనే మూత గట్టిగా బిగించి, పైన "పాత ఆయిల్" అని రాసి, పిల్లలకు అందకుండా పెట్టండి. ఎర్రగా ఉంటుంది కాబట్టి పిల్లలు షర్బత్ అనుకునే ప్రమాదం ఉంది. వాడిన ఆయిల్ పోగుచేసి రీసైక్లింగ్‌కి పంపే పెద్ద షెడ్డుకి ఇచ్చెయ్యండి. అందులో పెట్రోలో బ్రేక్ ఆయిలో కలపొద్దు, కలిపితే వాళ్లు తీసుకోరు.

మార్చిన తర్వాత గేరు కొంచెం కుదుపుతో పడుతోంది.

మొదటి కొన్ని రోజులు పట్టు మారినట్టు అనిపించొచ్చు. రెండు రోజులయ్యాక వేడి మీద లెవెల్ ఇంకోసారి చూడండి, బోల్టు దగ్గర తడి ఉందేమో వేలు పెట్టి చూడండి. లెవెల్ సరిగ్గా ఉండి కూడా వారం తర్వాత కుదుపు అలాగే ఉంటే, సీసా మీద అక్షరాలు మాన్యువల్‌తో మళ్లీ కలిపి చూసుకోండి. తేడా ఉంటే ఘాట్ ఎక్కకుండా, సరైన ఆయిల్‌తో వెంటనే మళ్లీ మార్చండి. తేదీ, కిలోమీటర్లు, ఎంత వచ్చింది, ఎంత పోశాం, ఏ ఆయిల్, ఈ ఐదూ ఒక అట్ట ముక్క మీద రాసి డాష్‌బోర్డు అరలో పెట్టండి. నా బండిలో అలాంటివి మూడున్నాయి, రబ్బరు బ్యాండు వేసి మాన్యువల్ మీదే ఉంచాను.